అద్దం పగిలింది, పగలగొట్టారు, పగలగొట్టాడు: పాసివ్ వాయిస్‌ను తెలుగు చెవితో పట్టుకోవడం

మా హైస్కూల్లో ఒక మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టిన కాసేపటికి తొమ్మిదో తరగతి గదిలోంచి అద్దం పగిలిన చప్పుడు వినిపించింది. పరుగెత్తుకెళ్లి చూస్తే కిటికీ కింద గాజు ముక్కలు, పక్కనే బంతి. "ఏం జరిగిందిరా?" అన్నాను. మొదటి బెంచీ కుర్రాడు "అద్దం పగిలిపోయిందండీ" అన్నాడు. తలుపు దగ్గరున్న అమ్మాయి "పగలగొట్టేశారండీ" అంది. మూడోవాడు ఆగలేక పక్కవాడి భుజం పట్టుకుని "వీడే పగలగొట్టాడు టీచర్" అనేశాడు.

భోజనాల తర్వాత మొదటి పీరియడ్ ఆ తరగతికి నాదే. పాఠం పాసివ్ వాయిస్, అంటే చేసినవాళ్లని కాకుండా పని దేని మీద జరిగిందో దాన్ని ముందు పెట్టి చెప్పే వాక్యం. గాజు ముక్కలు ఊడ్పించి, పిల్లలు అన్న ఆ మూడు మాటలనూ బోర్డు మీద రాసి, ఎదురుగా ఇంగ్లిష్ రాశాను.

అద్దం పగిలింది: ద గ్లాస్ బ్రోక్.
అద్దం పగలగొట్టారు: ద గ్లాస్ వాజ్ బ్రోకెన్.
వీడు అద్దం పగలగొట్టాడు: హి బ్రోక్ ద గ్లాస్.

అప్పటికి నేను ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్లు. అన్నేళ్లూ అందరిలాగే చెప్పాను. "రామా కిల్డ్ రావణా" అని బోర్డు మీద రాసి, కత్తెర ఆకారంలో రెండు గీతలు గీసి, ఆబ్జెక్ట్ ముందుకి, సబ్జెక్ట్ వెనక్కి, మధ్యలో "వాజ్", చివర "బై". పిల్లలు బిట్లలో మార్కులు తెచ్చుకునేవారు. కానీ లీవ్ లెటర్ రాయమంటే ఒక్కరి రాతలోనూ సరైన పాసివ్ కనిపించేది కాదు. అవసరం లేనిచోట మాత్రం "వాజ్" వచ్చి కూర్చునేది. "ది యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్." "మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ డైడ్." తిప్పి రాయడం నేర్పాను, ఎప్పుడు వాడాలో నేర్పలేదు. ఆ రోజు బోర్డు మీద మూడు వాక్యాలూ చూశాక, నేర్పాల్సినది పిల్లల తెలుగులోనే ఉందని తెలిసింది. అప్పటినుంచీ ఇలాగే చెబుతున్నాను.

ఇంగ్లిష్ వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పైకి చదవండి, చెవికి పడాలి. నోట్‌బుక్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే రాసుకోండి.

బడు వెతకొద్దు, "ఆరు" వెతకండి

తెలుగు వ్యాకరణంలో కర్తరి వాక్యం, కర్మణి వాక్యం అని పదో తరగతిలో చదువుతాం. "రాముడు రావణుని చంపెను" అనేది "రావణుడు రాముని చేత చంపబడెను" అవుతుంది. ఇంగ్లిష్ పాసివ్ అంటే ఈ "చేత", ఈ "బడు" అని మనసులో ముద్ర పడిపోతుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఎవరైనా "అన్నం నాచేత తినబడింది" అంటారా? బడు అనే మాట సైకిల్ షాపు బోర్డు మీద "ఇచ్చట సైకిళ్లు రిపేరు చేయబడును" అని ఉంటుంది, గేటుకి కట్టిన అట్ట మీద "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని ఉంటుంది. నోట్లో ఉండదు. మనం అనుకునే వాక్యంలో బడు లేదు కాబట్టి, ఇంగ్లిష్‌లో పాసివ్ వాడాల్సిన చోటు వచ్చినా మనకు తెలియదు.

మరి మన నోట్లో ఏముంది? ఇవి వినండి. కరెంటు తీశారు. మా వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. పరీక్ష వాయిదా వేశారు. అన్నయ్యని ట్రాన్స్‌ఫర్ చేశారు. దొంగని పట్టుకున్నారు.

వీటిలో పని ఉంది, ఆ పని ఎవరి మీద జరిగిందో, దేని మీద జరిగిందో ఉంది. చేసినవాళ్లు లేరు. క్రియ చివర "ఆరు" ఉంది కానీ ఆ "ఆరు" ఎవరో చెప్పే పేరు వాక్యంలో ఎక్కడా లేదు. తెలంగాణలో ఇదే "కరెంట్ తీసిండ్రు", "రోడ్ వేసిండ్రు" అని వినిపిస్తుంది. పలుకు వేరు, పద్ధతి ఒక్కటే. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లిష్ వాక్యానికి ముందు సబ్జెక్ట్ సీటు ఖాళీగా ఉండకూడదు. అందుకే పని ఎవరికి జరిగిందో వాళ్లని తెచ్చి ఆ సీటులో కూర్చోబెడుతుంది. పాసివ్ పుట్టేది అక్కడ.

ద పవర్ హాజ్ బీన్ కట్.
ఎ సిమెంట్ రోడ్ హాజ్ బీన్ లెయిడ్ ఇన్ అవర్ స్ట్రీట్.
ది ఎగ్జామ్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్.
మై బ్రదర్ హాజ్ బీన్ ట్రాన్స్‌ఫర్డ్.
ద థీఫ్ వాజ్ కాట్.

కాబట్టి మొదటి పరీక్ష ఇది. తెలుగు వాక్యం అనుకుని, "ఎవరు?" అని అడగండి. "ఎవరో", "వాళ్లే", "ఆఫీసువాళ్లు", "ఎవరైతే ఏం" లాంటి జవాబు వస్తే పాసివ్. పేరున్న మనిషి వస్తే యాక్టివ్. ఒక జాగ్రత్త చెప్పాలి. మర్యాద కోసం వాడే "ఆరు" వేరు. "నాన్నగారు ఉత్తరం రాశారు" అన్నప్పుడు రాసినాయన వాక్యంలోనే ఉన్నారు. అది "మై ఫాదర్ రోట్ ఎ లెటర్", అంతే.

పాసివ్ దాక్కునే ఇంకో చోటు "జరిగింది". టీవీ వార్తల్లో, మీటింగుల్లో రోజూ వింటాం: "నిర్ణయం తీసుకోవడం జరిగింది", "వినతిపత్రం ఇవ్వడం జరిగింది". ఈ "జరిగింది"ని "హాపెన్డ్" చేయకూడదు. తీసుకోవడం అన్నది అసలు పని. అందుకని "ఎ డెసిషన్ వాజ్ టేకెన్", "ఎ పిటిషన్ వాజ్ సబ్మిటెడ్." ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆఫీసు ఇంగ్లిష్ రాసేవాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

కట్టే పద్ధతి

తయారీకి రెండే ముక్కలు: బి ఫామ్ (ఈజ్, వాజ్, బి, బీయింగ్, బీన్ లాంటివి), ఆ తర్వాత వి3, అంటే క్రియ మూడో రూపం (బ్రేక్ వి1, బ్రోక్ వి2, బ్రోకెన్ వి3). కాలం ఎన్ని రకాలుగా మారినా వి3 కదలదు. మారేదంతా బి ఫామే. నేను ఎప్పుడూ ఒకే ఉదాహరణ పట్టుకుంటాను. మా స్కూలు ఆవరణలో చేతిపంపు ఉంది, అది తరచూ పాడవుతుంది. దాన్ని బాగు చేయడం ఒక్కటే తీసుకుని అన్ని కాలాల్లోనూ తిప్పుతాను.

ఏటా బాగు చేస్తారు: ద పంప్ ఈజ్ రిపేర్డ్ ఎవ్రీ ఇయర్.
ఇప్పుడు చేస్తున్నారు: ద పంప్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్.
చేసేశారు, నీళ్లు వస్తున్నాయి: ద పంప్ హాజ్ బీన్ రిపేర్డ్.
నిన్న చేశారు: ద పంప్ వాజ్ రిపేర్డ్ యెస్టర్‌డే.
నేను వెళ్లేసరికి చేస్తున్నారు: ద పంప్ వాజ్ బీయింగ్ రిపేర్డ్.
నేను వెళ్లేసరికే చేసేశారు: ద పంప్ హాడ్ బీన్ రిపేర్డ్.
రేపు చేస్తారు: ద పంప్ విల్ బి రిపేర్డ్ టుమారో.
చేయాలి: ద పంప్ హాజ్ టు బి రిపేర్డ్.
చేయొచ్చు: ద పంప్ కెన్ బి రిపేర్డ్.
చేయాల్సింది, చేయలేదు: ద పంప్ షుడ్ హావ్ బీన్ రిపేర్డ్.

పిల్లలు బీయింగ్‌కీ బీన్‌కీ మధ్య తికమక పడతారు. దీనికీ మందు తెలుగులోనే ఉంది. క్రియలో "తున్" వినిపిస్తే బీయింగ్. చేస్తున్నారు, కడుతున్నారు, వేస్తున్నారు. "ఇప్పటికే", "ఇంకా లేదు", "చేసేశారు" అనిపిస్తే బీన్. "బ్రిడ్జి కడుతున్నారు" అంటే "ఈజ్ బీయింగ్ బిల్ట్", పని ఇంకా నడుస్తోంది. "బ్రిడ్జి కట్టేశారు" అంటే "హాజ్ బీన్ బిల్ట్", బళ్లు వెళ్లొచ్చు. "హాజ్ బీన్ బీయింగ్" అని రెండూ కలిపి దాదాపు ఎవరూ అనరు. అలాంటి వాక్యం తగిలితే యాక్టివ్‌లోనే ఉంచేయండి.

"హాజ్ బీన్"ని, ఒట్టి "వాజ్"ని ఎలా విడదీయాలి? ఎప్పుడు జరిగిందో చెబితే వాజ్: నిన్న, మొన్న, 2014లో, పొద్దున్న. ఎప్పుడో చెప్పకుండా దాని ఫలితం ఇప్పుడు కళ్లముందు ఉందని చెబితే హాజ్ బీన్. "హాజ్ బీన్ రిపేర్డ్ యెస్టర్‌డే" అని రెండూ కలిపి రాయకండి.

వి3 దగ్గర మాత్రం కంఠస్థం తప్పదు. "ద ఫోటో వాజ్ టుక్", "ద లెటర్ వాజ్ రోట్" అన్న తప్పులు వి2, వి3 కలిసిపోవడం వల్ల వస్తాయి. పెద్ద పట్టిక అంతా బట్టీ పట్టక్కర్లేదు. రోజువారీ ఉత్తరాల్లో తిరిగేవి ఓ ఇరవై ఉంటాయి. గివెన్, టేకెన్, రిటెన్, స్టోలెన్, బ్రోకెన్, చోజెన్, సెంట్, పెయిడ్, మేడ్, బిల్ట్, సోల్డ్, టోల్డ్, టాట్, బాట్, కెప్ట్, లెయిడ్, హెల్డ్, ఫౌండ్, కట్, పుట్. ఒక్కోదానికీ ఇంట్లో వస్తువు పెట్టి వాక్యం చెప్పుకోండి. సైకిల్ వాజ్ స్టోలెన్, ఫీజు వాజ్ పెయిడ్. హ్యాంగ్ అనే మాటకి మాత్రం రెండు వి3లు ఉన్నాయి, అర్థాన్నిబట్టి మారతాయి. గోడకి ఫోటో తగిలిస్తే "ద ఫోటో వాజ్ హంగ్ ఆన్ ద వాల్". మనిషిని ఉరితీస్తే "హ్యాంగ్డ్": "భగత్ సింగ్ వాజ్ హ్యాంగ్డ్ ఇన్ 1931." మన అల్లూరి గురించి రాసేటప్పుడు ఈ మాట వాడకూడదు. ఆయన్ని కాల్చి చంపారు: "అల్లూరి సీతారామరాజు వాజ్ షాట్ డెడ్ ఇన్ 1924."

"వాజ్" పెట్టకూడని చోటు

నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. ఉద్యోగాల్లో చేరిన నా పాత విద్యార్థులు రాసే మెయిళ్లలో కూడా ఈ తప్పులు కనిపిస్తాయి, అందుకే ఎక్కువసేపు చెబుతాను.

తెలుగు క్రియల్లో చక్కని జంటలున్నాయి. ఒకటి దానంతట అది జరిగేది, రెండోది ఎవరో చేసేది. ఆగింది, ఆపారు. మొదలైంది, మొదలుపెట్టారు. పెరిగింది, పెంచారు. మారింది, మార్చారు. తెరుచుకుంది, తెరిచారు. మూతపడింది, మూసేశారు. పగిలింది, పగలగొట్టారు. మొదటి మాటకి ఇంగ్లిష్‌లో మామూలు క్రియ సరిపోతుంది, "వాజ్" అక్కర్లేదు. రెండో మాటకే పాసివ్.

బస్సు ఆగింది: ద బస్ స్టాప్డ్. బస్సు ఆపారు: ద బస్ వాజ్ స్టాప్డ్.
కూరగాయల ధరలు పెరిగాయి: వెజిటబుల్ ప్రైసెస్ హావ్ గాన్ అప్. బస్సు చార్జీలు పెంచారు: బస్ ఫేర్స్ హావ్ బీన్ రెయిజ్డ్.
మీటింగ్ పదింటికి మొదలైంది: ద మీటింగ్ స్టార్టెడ్ అట్ టెన్.
టైమ్‌టేబుల్ మార్చారు: ద టైమ్‌టేబుల్ వాజ్ చేంజ్డ్.

బస్సు ఆగడానికీ ఆపడానికీ తేడా ఎంతో ఉంది. డీజిల్ అయిపోతే ఆగుతుంది, చెక్‌పోస్టు దగ్గర ఆపుతారు. ఈ తేడా చదువురాని మా అమ్మమ్మకీ తెలుసు. ఇంగ్లిష్ కూడా అదే తేడా చూపిస్తుంది. కాబట్టి ఇంగ్లిష్ రాసే ముందు తెలుగులో ఏ జంట పలికానో చూసుకుంటే చాలు. అన్ని జంటలూ ఇలా కుదురుతాయని అనుకోకండి. "పరీక్ష వాయిదా పడింది" అన్నా, "వాయిదా వేశారు" అన్నా ఇంగ్లిష్‌కి ఒక్కటే, "ది ఎగ్జామ్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్", ఎందుకంటే పోస్ట్‌పోన్ అనే పని దానంతట అది జరగదు. ఇవి వాడుకలో తెలుస్తాయి.

ఆ తర్వాత అసలు పాసివ్‌లోకే రాని క్రియలు. దీనికి పరీక్ష "ఎవరిని? దేన్ని?" తిన్నాడు, దేన్ని? అన్నాన్ని. సరే, పాసివ్ వస్తుంది. చనిపోయారు, దేన్ని? ప్రశ్నే పొసగదు. జరిగింది, దేన్ని? పొసగదు. వచ్చింది, వెళ్లింది, నిద్రపోయాడు, పడిపోయాడు, కూలిపోయింది, కనిపించింది. వీటికి పాసివ్ లేదు. "ది యాక్సిడెంట్ హాపెన్డ్ యెస్టర్‌డే", "మై గ్రాండ్‌ఫాదర్ డైడ్ లాస్ట్ ఇయర్." పెద్దవాళ్ల విషయంలో గౌరవంగా చెప్పాలంటే "పాస్డ్ అవే" అనండి, "వాజ్ ఎక్స్‌పైర్డ్" అనకండి. "ఐ వాజ్ కంప్లీటెడ్ మై డిగ్రీ" అన్నది కూడా ఇదే జబ్బు. డిగ్రీ పూర్తిచేసింది మీరే కదా, "ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ." గడిచిన కాలం అనగానే "వాజ్" పెట్టాలనే అలవాటు పోవాలి.

దీనికి ఎదురు నిలబడే మాట ఒకటుంది, పుట్టడం. తెలుగులో "పుట్టాను" అంటాం, మనమే చేసిన పనిలా. ఇంగ్లిష్‌లో అది అమ్మ చేసిన పని. అందుకే పాసివ్: "ఐ వాజ్ బోర్న్ ఇన్ ఏలూరు." "ఐ బోర్న్", "ఐ యామ్ బోర్న్" రెండూ తప్పే. ఇంటర్వ్యూలో మనల్ని మనం పరిచయం చేసుకునేటప్పుడు మొదటి నిమిషంలోనే వచ్చే వాక్యం ఇది, కాబట్టి ఇది మాత్రం పొల్లుపోకూడదు.

బై ఎప్పుడు

కత్తెర గీతలతో నేర్చుకున్నవాళ్లు ప్రతి వాక్యం చివరా "బై" తగిలిస్తారు. "ద థీఫ్ వాజ్ అరెస్టెడ్ బై ద పోలీస్." దొంగని అరెస్టు చేసేది పోలీసులే, వేరే చెప్పాలా? "ద లెసన్ వాజ్ టాట్ బై ద టీచర్" కూడా అంతే. చేసినవాళ్ల పేరే కొత్త కబురైతేనే బై పెట్టండి. "చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591" అంటే కాలం చెప్పినట్టు. "చార్మినార్ వాజ్ బిల్ట్ బై ముహమ్మద్ కులీ కుతుబ్ షా" అంటే కట్టించింది ఎవరో చెప్పినట్టు. అడిగిన ప్రశ్నను బట్టి ఏది కావాలో తేల్చుకోవాలి.

మా గోదావరి పిల్లలకి ధవళేశ్వరం పాత ఆనకట్ట ఉదాహరణ చెబుతాను. 1847 నుంచి 1852 వరకు కట్టారు. "ది ఆనికట్ వాజ్ బిల్ట్ బై ఆర్థర్ కాటన్" అని రాస్తారు. మా ఇళ్లల్లో కాటన్ దొర అంటే ఎంత గౌరవమో నాకు తెలుసు, ఆ గౌరవం నాకూ ఉంది. అయినా రాళ్లు మోసిన వేలమంది కూలీలు ఆ "బై"లో లేరు. అందుకని "అండర్ ఆర్థర్ కాటన్" అని రాయిస్తాను, అంటే ఆయన ఆధ్వర్యంలో కట్టారని. ఒక్క మాట మార్చితే చరిత్ర కొంచెం సరిగ్గా కనిపిస్తుంది.

పనిముట్టుకి బై కాదు, విత్. తెలుగులో "తో" వస్తే అది. గడ్డపారతో తాళం పగలగొట్టారు: "ద లాక్ వాజ్ బ్రోకెన్ విత్ ఎ క్రోబార్." కొన్ని మాటలకి వాటి సొంత జతలున్నాయి: నోన్ టు, ఇంటరెస్టెడ్ ఇన్, మేడ్ ఆఫ్, ఫిల్డ్ విత్. వీటిని జంటగానే నోటికి ఎక్కించుకోవాలి.

పరీక్ష కోసం నాలుగు ముక్కలు

ఎస్ఎస్‌సీ, డీఎస్సీ, గ్రూప్స్ రాసేవాళ్లకి త్వరగా చెబుతాను. "హూ బ్రోక్ ద గ్లాస్?" అంటే "బై హూమ్ వాజ్ ద గ్లాస్ బ్రోకెన్?" డిడ్ ప్రశ్నలో డిడ్ పోయి వాజ్, వర్ వస్తాయి: "డిడ్ దే పే యు?" అంటే "వర్ యు పెయిడ్?" రెండు ఆబ్జెక్టులుంటే మనిషిని ముందు పెట్టండి: "ఐ వాజ్ గివెన్ ఎ ప్రైజ్." మేక్ పాసివ్‌లోకి వెళ్లాక "టు" తెచ్చుకుంటుంది: "దే మేడ్ హిమ్ వెయిట్" అన్నది "హి వాజ్ మేడ్ టు వెయిట్" అవుతుంది. లుక్ ఆఫ్టర్ లాంటి జంట క్రియలో రెండో మాటని రాలిపోనివ్వకండి: "ద చైల్డ్ ఈజ్ లుక్డ్ ఆఫ్టర్ బై హర్ గ్రాండ్‌మదర్." అందరూ అంటున్నారు, అనుకుంటున్నారు అనేదానికి "ఇట్ ఈజ్ సెడ్ దట్". గోదావరికి వరద పెరగొచ్చంటున్నారు: "ద రివర్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు రైజ్."

"ఓపెన్ ద డోర్"ని "లెట్ ద డోర్ బి ఓపెన్డ్" చేయమని బిట్ వస్తుంది. రాసేయండి, మార్కు వస్తుంది. కానీ మనిషితో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అనకండి, ఎవరూ అనరు. "ప్లీజ్" ఉంటే "యు ఆర్ రిక్వెస్టెడ్ టు" వస్తుంది. అది నోటీసుల్లో నిజంగానే వాడతారు.

ఉత్తరంలో ఎలా వాడాలి

మా వీధిలో ఒకావిడ, నన్ను అక్కా అని పిలుస్తుంది, వాళ్లమ్మగారి పింఛను ఆగిపోయిందని అర్జీ రాసి దిద్దమని తెచ్చింది. మొదటి వాక్యం "మై మదర్ పెన్షన్ వాజ్ నాట్ కేమ్". రెండో వాక్యం "యు పీపుల్ స్టాప్డ్ ఇట్". ఆవిడ కోపంలో న్యాయం ఉంది. కానీ అర్జీ చదివే గుమాస్తా ఆపినవాడు కాకపోవచ్చు. ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం: "మై మదర్స్ పెన్షన్ హాజ్ నాట్ బీన్ పెయిడ్ సిన్స్ జూన్. నో రీజన్ హాజ్ బీన్ గివెన్ టు అజ్. ప్లీజ్ రిలీజ్ ద అరియర్స్ అండ్ టెల్ అజ్ ద రీజన్ ఇన్ రైటింగ్." మొదటి రెండూ పాసివ్. నిందించకుండా జరిగింది చెబుతాయి. మూడోది యాక్టివ్, ఎందుకంటే అక్కడ ఎదుటివాళ్లు చేయాల్సిన పని ఉంది. ఫిర్యాదు ఉత్తరానికి ఈ కొలత నాకు బాగా పనిచేసింది. జరిగినదానికి పాసివ్, కావలసినదానికి యాక్టివ్.

కొన్నాళ్లకి జవాబు వచ్చింది: "యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ ఫార్వర్డెడ్." ఆవిడ సంతోషపడింది. నేను "ఎవరికి పంపారు, ఎవరు పంపారు?" అన్నాను. ఆ వాక్యంలో రెండూ లేవు. పాసివ్ నేర్చుకున్నవాళ్లు రాయడంతో ఆగకూడదు, చదివేటప్పుడు కూడా ఆ ఖాళీ సీటు చూడాలి. తర్వాతి ఉత్తరంలో ఆ రెండే అడిగించాను: "టు హూమ్ వాజ్ ఇట్ ఫార్వర్డెడ్, అండ్ ఆన్ వాట్ డేట్?" ఈసారి జవాబులో సెక్షన్ పేరు, తేదీ వచ్చాయి.

రాజ్యాంగంలోనూ ఈ రెండు రకాలు కనిపిస్తాయి. ఆర్టికల్ 17 పాసివ్‌లో ఉంది: "అన్‌టచబిలిటీ ఈజ్ అబాలిష్డ్ అండ్ ఇట్స్ ప్రాక్టీస్ ఇన్ ఎనీ ఫామ్ ఈజ్ ఫర్‌బిడెన్." అంటరానితనం పాటించేవాళ్లు ఎవరైనా సరే, అందరికీ వర్తించాలి కాబట్టి ఏ కర్తా లేదు. 2002లో 86వ సవరణతో వచ్చిన ఆర్టికల్ 21ఏ యాక్టివ్‌లో మొదలవుతుంది: "ద స్టేట్ షల్ ప్రొవైడ్ ఫ్రీ అండ్ కంపల్సరీ ఎడ్యుకేషన్." చదువు చెప్పించాల్సింది ఎవరో మొదటి మాటలోనే ఉంది. ఈ రెండూ పక్కపక్కన రాసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. ప్రభుత్వ బడిలో కూర్చుని ఆ వాక్యం చదువుతున్నారు మరి.

అద్దం పగలగొట్టిన కుర్రాడి చేత కూడా ఆ వారం హెడ్‌మాస్టారికి ఉత్తరం రాయించాను. "ద గ్లాస్ వాజ్ బ్రోకెన్ బై మి" అని రాశాడు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ క్షమాపణలో "ఐ" ముందుండాలని చెప్పాను. కొట్టేసి "ఐ బ్రోక్ ద గ్లాస్, సర్" అని రాశాడు.

ప్రాక్టీసు

ఇంగ్లిష్ పేపర్ తీసుకుని హెడ్డింగులు చదవండి. అక్కడ బి ఫామ్ తీసేస్తారు. "టూ కిల్డ్ ఇన్ రోడ్ మిషాప్" అంటే ఇద్దరు చంపారని కాదు, ఇద్దరు చనిపోయారని. "త్రీ అరెస్టెడ్" అంటే ముగ్గుర్ని పట్టుకున్నారు. ప్రతి హెడ్డింగులో పోయిన "వర్", "వాజ్" వెతికి పెట్టండి. ఆ తర్వాత తెలుగు పేపర్ జిల్లా పేజీ తీసుకుని, కర్త లేని "ఆరు" వాక్యాలు రోజుకి మూడు ఏరి ఇంగ్లిష్‌లో రాయండి. పది నిమిషాల పని. నా పిల్లల్లో ఇది నెల రోజులు వదలకుండా చేసినవాళ్లకి మళ్లీ రూల్ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ఈ ఆరూ చేసి చూడండి. జవాబులు కింద ఉన్నాయి, ముందు చేయి అడ్డం పెట్టుకోండి.

మా ఊళ్లో కొత్త వాటర్ ట్యాంకు కడుతున్నారు.
వానకి గోడ కూలిపోయింది.
నాకు ఇంకా హాల్ టికెట్ ఇవ్వలేదు.
నాన్నగారు పంచాయతీకి ఉత్తరం రాశారు.
మీటింగులో ఈ విషయం చర్చించడం జరిగింది.
రాత్రి మా బండి ఎత్తుకెళ్లిపోయారు.

ఎ న్యూ వాటర్ ట్యాంక్ ఈజ్ బీయింగ్ బిల్ట్ ఇన్ అవర్ విలేజ్.
ద వాల్ కొలాప్స్‌డ్ ఇన్ ద రెయిన్.
ఐ హావ్ నాట్ బీన్ గివెన్ మై హాల్ టికెట్ యెట్.
మై ఫాదర్ రోట్ ఎ లెటర్ టు ద పంచాయత్.
ద మేటర్ వాజ్ డిస్కస్డ్ అట్ ద మీటింగ్.
అవర్ బైక్ వాజ్ స్టోలెన్ లాస్ట్ నైట్.

రెండోదానిలో "వాజ్" పెట్టి ఉంటే "దేన్ని?" పరీక్ష మళ్లీ చదవండి. నాలుగోదాన్ని పాసివ్ చేసి ఉంటే మర్యాద "ఆరు" గురించి చెప్పింది చూడండి. అయిదోదానిలో "డిస్కస్డ్ అబౌట్" అని రాసి ఉంటే ఆ "అబౌట్" కొట్టేయండి. చర్చించడానికి ఇంగ్లిష్‌లో "గురించి" అక్కర్లేదు.